పంపు మీద పడిన నింద

దిబ్బూరహళ్ళిలో ఆడవాళ్ళు స్కూటీలు నడపడం ఇప్పుడు వింతేమీ కాదు. మునివెంకటమ్మ అంబాసిడర్ కారు నడపడం మొదలుపెట్టినప్పుడు మాత్రం ఊరు ఊరంతా నోరు తెరిచి చూసింది. కారు కొన్నది ఆమె మొగుడు లక్ష్మణప్ప. కొన్ననాడే దాన్ని గడ్డివామిలోకి తోలి, దిగి, పంచె దులుపుకొని, మళ్ళీ స్టీరింగు ముట్టలేదు. గడ్డిలోంచి కారును బయటికి తీసింది మునివెంకటమ్మే. ఆపైన ఆయన బతికున్నన్నాళ్ళూ వెనక సీట్లో దొరలాగా కూర్చున్నాడు, ఈమె తోలింది. పట్టుగూళ్ళ మూటలు, పెళ్ళివాళ్ళు, పురుటికి పోయే ఆడపిల్లలు, అంతా ఆ కారులోనే పోయేవాళ్ళు.

ఈ మధ్య దానికొక జబ్బు పట్టింది. బాగా పోతూ పోతూ ఉన్నట్టుండి దగ్గుతుంది, రెండుసార్లు ఎగిరిపడుతుంది, ఆగిపోతుంది. బానెట్ ఎత్తి పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు కూర్చుంటే మళ్ళీ కదులుతుంది. పంపు ఇంజనుకు అంటుకొని ఉంటుంది కదా, వేడెక్కి పెట్రోలు లాగలేకపోతోందని అందరూ తీర్మానించారు. బాగేపల్లి మెకానిక్ ఆంజనేయప్ప పంపు విప్పి లోపలి రబ్బరు పొర మార్చాడు. కారు ఆగింది. వాల్వులు మార్చాడు. ఆగింది. చివరికి పంపే కొత్తది వేశాడు. పాత పంపు దగ్గర పాఠాలు చెప్పించుకొని వచ్చినట్టు కొత్తదీ అచ్చం అలాగే ఆగింది. అత్తగారింట్లో పాలు విరిగినా కొత్త కోడలినే అంటారు చూడండి, అలాగే ఆ కారులో ఏం జరిగినా తిట్లన్నీ పంపుకే.

కొడుకు రవీంద్రకు విసుగొచ్చింది. చింతామణిలో హోటలు కట్టిస్తున్న పునీత్ అనే ఆయన ఆ కారును అడుగుతున్నాడు. ఇంజను పీకేసి, హోటలు ముందర నిలబెట్టి, జనాన్ని సీట్లలో కూర్చోబెట్టి మసాలదోసెలు పెడతాడట. ఫోటోలు బాగా వస్తాయట. ఆ మాట వినగానే మునివెంకటమ్మకు తననే వీధిలో కూర్చోబెట్టి దోసెలు వడ్డించినట్టయింది.

చివరికి తల్లీ కొడుకులు ఒక ఒప్పందానికి వచ్చారు. ఇద్దరూ కారులో చింతామణికి పోవాలి. సాఫీగా పోతే కారు ఇంటికి. దారిలో పంపు మొండికేస్తే పునీత్‌కు.

"మొండికేసేది లేదు, చూస్తాండు," అంది మునివెంకటమ్మ, బిందెడు నీళ్ళూ తడిగుడ్డా ముందే కాళ్ళ దగ్గర దాచుకొని.

సగం దారి పోయారో లేదో కారు దగ్గింది.

"పలకరిస్తాండాది నీ పంపు," అన్నాడు రవీంద్ర.

"పలకరిస్తే నీకేంటికి? నన్ను గదా పలకరించేది."

కారు రోడ్డు పక్కకు పోయి నిలబడింది. రవీంద్ర దిగి, కార్బొరేటరు దగ్గర పెట్రోలు గొట్టం విప్పి, దాని కొసను ఒక ఖాళీ సీసాలో పెట్టాడు. "సెల్ఫు కొట్టమ్మా."

ఇంజను గిర్రున తిరిగింది. సీసాలో చుక్క రాలలేదు.

"చూస్తివా? పంపు లాగేదే లేదు. పునీత్‌కు ఫోను చేస్తాండా."

"ఫోను జేబులో పెట్టు. ట్యాంకులో పెట్రోలు ఉండాదో లేదో చూస్తివా? పెట్రోలు చూపించే ముల్లు చెడిపోయి ఏండ్లయింది. లేకపోతే పంపు యాడ నుంచి తెస్తాది, బాయిలోనించా?"

విసవిసా వెనక్కి నడిచి ట్యాంకు మూత తిప్పింది. ఉస్సుమంటూ ట్యాంకు గాలి పీల్చుకుంది, ఎవరో ముక్కు మూసిపెట్టి అప్పుడే వదిలినట్టు. పుల్ల ముంచి చూస్తే పెట్రోలు సగానికి పైనే ఉంది. మూత డిక్కీ మీద పెట్టి, తిరిగొచ్చి సెల్ఫు కొట్టింది. ఈసారి సీసాలోకి పెట్రోలు బుడుక్ బుడుక్‌మని వచ్చిపడింది.

తడిగుడ్డ ఇంకా బిందెలోనే ఉంది.

"వెనక్కి పోయి ఏం చేస్తివమ్మా?"

"మూత తీస్తి."

"అంతేనా?"

"ఇంగేం చేయాల, హారతి ఇయ్యాల్నా?"

రవీంద్ర తల గోక్కుంటూ గొట్టం బిగిస్తుంటే, ఆమె మూత పెట్టడానికి వెనక్కి పోయింది. చేతిలోకి తీసుకొని చూసింది. ఏటేటా ఆయుధపూజకు తాను మెత్తిన పసుపు, గంధం, కుంకుమ దాని మీద అట్టకట్టి రాయిలాగా ఉన్నాయి. దేవుడి బొట్టు తుడవకూడదని ఆ మూతను కడగనిచ్చేది కూడా కాదు. ఆ అట్ట కింద గాలి పోవడానికి సన్నటి బొక్క ఒకటి ఉండాలి. నూనె డబ్బాకు ఒకే బొక్క పెడితే నూనె రాదని, గాలి పోవడానికి రెండోది పెట్టాలని వంటింట్లో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. గాలి లోపలికి పోకపోతే పంపు మాత్రం ఎంతని లాగుతుంది? కారు ఆగినప్పుడల్లా ఏ సందులోంచో కాస్త గాలి దూరేది, పేరు తడిగుడ్డకు వచ్చేది.

మునివెంకటమ్మ ఇరుకున పడింది. నోరు విప్పితే ఊరంతా నవ్వుతుంది. విప్పకపోతే కారులో దోసెలు తింటారు. కొడుకు వైపు వీపు పెట్టి, గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి గబగబా గీకడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తాండావమ్మా?"

"ఏం లేదు. మూత తుడుస్తాండా."

"నువ్వా? ఆ మూతనా? నేనొకసారి తుడవబోతే దినమంతా నాతో మాట్లాడకపోతివి గదా!"

ఆమె పిన్నీసు ఆపింది. "రేయ్ రవీంద్రా, పంపు మంచిదేరా. మూతకుండే బొక్క మూసుకోనుండాది."

"ఎవురు మూసింది?"

ఒక టొమాటో లారీ దుమ్ము లేపుకుంటూ పోయింది. ఆమె పిన్నీసు గుచ్చి మిగిలిన అట్టను ఊడబెరికింది.

"నేనే. పసుపు మెత్తి మెత్తి మూసేస్తి. చాలునా?"

రవీంద్ర రోడ్డు పక్కన కూలబడి పొట్ట పట్టుకొని నవ్వాడు. "పాపం ఆంజనేయప్ప! ఎన్ని తూర్లు విప్పినాడో ఆ పంపును!"

"వానికేం, వచ్చినప్పుడల్లా కాఫీ తాగిపాయ."

"అయినా కారు ఆగింది గదా. మన ఒప్పందం?"

"పంపు మొండికేస్తే అని గదా అనుకొనింది? పంపు యాడ మొండికేసింది? మొండిదాన్ని నేను. అమ్మేదుంటే నన్నమ్ముకో."

బొక్క తెరుచుకున్న కారు చింతామణి దాకా ఒక్కసారి కూడా దగ్గలేదు. పునీత్ ఎదురొచ్చి బానెట్ నిమిరాడు. "ఏమో రిపేరి ఉండాదంట గదా అవ్వా?"

మునివెంకటమ్మ కొడుకు ముఖంలోకి చూసింది. వాడి పెదవుల మీద నవ్వు ఇంకా ఆరలేదు.

"ఏ రిపేరీ లేదప్పా," అన్నాడు రవీంద్ర. "పంపు కూడా కొత్తది. మేము అమ్మేది లేదు."

ఆ మాటకు ఆమె కొడుక్కు అడక్కుండానే రెండు ఇడ్లీలు ఎక్కువ పెట్టించింది. పునీత్ హోటలు ఇంకా తెరవలేదు కనుక బస్టాండు దగ్గర హోటల్లో. తెరిచి ఉన్నా ఆమె అక్కడ తినేది కాదు.