ఒక్క దెబ్బంటే ఆపమని

నిన్న పొద్దున్న బియ్యం ఏరుతుంటే మరదలు ఫోన్ చేసింది. మా తమ్ముడు దానియేలు పోయాడని.

నమ్మలేదు. ముందురోజు సాయంత్రమే మా ఇంటికొచ్చి, నా చేత నాలుగు తిట్లు తిని, టీ తాగి వెళ్లాడు.

గాజువాక స్టాండ్‌లో, తన ఆటోలో కూర్చునే పోయాడు. నిద్రపోతున్నాడనుకుని పక్క ఆటో అబ్బాయి రేకు మీద చేత్తో కొట్టాడట. దానియేలు కదల్లేదు. ఆ అబ్బాయికి అప్పుడే అర్థమైపోయిందట.

ఎలా అర్థమైందో చెబుతాను.

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మనవరాలు స్టెల్లా టైప్ చేస్తోంది. ఒక్క మాట మెత్తగా మార్చినా ఊరుకోనన్నాను.

నిన్నటి నుంచి మన గ్రూపులన్నిటిలో మా తమ్ముడి మీద తీసిన ఆ టీవీ వీడియో తిరుగుతోంది. రియల్ హీరో అట. సెల్యూట్ అట.

తీసెయ్యండి.

మా తమ్ముడు హీరో కాదు. పిరికివాడు. శవం ఇంట్లో ఉండగానే అంటున్నాను ఈ మాట.

మన సైన్యం శ్రీలంక వెళ్లి యుద్ధం చేసిందని మీ పిల్లల్లో ఎంతమందికి తెలుసు? అందుకే టీవీ వాళ్లు దాన్ని ఎవరికీ తెలియని యుద్ధం అన్నారు. తెలియని యుద్ధం కదా, ఏం చూపించినా అడిగేవాడు ఉండడు.

మిలట్రీకి ముందు దానియేలు హార్బర్లో లారీ డ్రైవర్. పరవాడ నుంచి వచ్చిన సింహాచలం అనే కుర్రాడు ఆ లారీకి క్లీనర్. క్లీనర్ వెనక నుంచి లారీ రేకు మీద చేత్తో కొడతాడు. రెండు దెబ్బలంటే పోనిమ్మని. ఒక్క దెబ్బంటే ఆపమని. ఇద్దరూ కలిసే మిలట్రీలో చేరారు. ఒకే ట్రక్కు మీద పడ్డారు.

ఒకరోజు శ్రీలంకలో దారికి అడ్డంగా రాళ్లు పెట్టి ఉన్నాయి. సింహాచలం దిగి తీశాడు. అంతలో తూటాలు మొదలయ్యాయి. దానియేలు బండి లాగించేశాడు.

సింహాచలం వెనకాల పరిగెత్తాడు. ట్రక్కును అందుకున్నాడు. వెనక రేకు మీద కొట్టాడు.

ఒక్క దెబ్బ.

కాస్త ఆగి మళ్లీ ఒక్కటి. మళ్లీ ఒక్కటి.

మా తమ్ముడికి వినపడింది. ఆ అరచెయ్యి ఎవరిదో కూడా తెలుసు. ఆపలేదు.

మర్నాడు వెళ్లి శవాన్ని తెచ్చుకున్నారు.

ఆపితే ట్రక్కులో ఉన్నవాళ్లంతా పోయేవారేమో. ఆ మాట నేనన్నాను గానీ వాడు ఏనాడూ అనలేదు.

సెలవుకొచ్చినప్పుడు సింహాచలం పెళ్లాం నూకరత్నానికి మాత్రం, తూటా తగిలి అక్కడికక్కడే పోయాడు, బాధ పడలేదు అని చెప్పాడు. నిజం నాకొక్కదానికే చెప్పాడు. ఎక్కడా అనకురా అని ప్రమాణం చేయించుకున్నాను.

వాడి ఆటో ఎక్కినవాళ్లకు తెలుసు. దిగడానికి రేకు మీద చెయ్యి తగిలితే చాలు, నడిరోడ్డైనా సరే బ్రేక్ వేసేసేవాడు. వెనకున్నవాళ్లు ముందుకొచ్చి పడేవారు. తాగాడేమో అని తిట్టేవారు. ఈ పోస్ట్ చదివేవాళ్లలోనూ తిట్టినవాళ్లున్నారు.

పోయినేడు టీవీ వాళ్లొచ్చారు. యారాడ బీచ్‌కు తీసుకెళ్లి మెడల్స్ పెట్టించి ఏడుసార్లు నడిపించారు. పాత కోటు పట్టకపోతే వెనక చీల్చి పిన్నీసులు గుచ్చారు. ముందు నుంచే కదా చూపించేది.

ఆ తర్వాత కూర్చోబెట్టి అడిగితే, నాకిచ్చిన ప్రమాణం తప్పి ఆ మూడు దెబ్బల సంగతీ చెప్పేశాడు. ఏం తీసేసినా ఇది మాత్రం ఉంచండి బాబూ అన్నాడట. సూపర్ సార్ అన్నారట.

ఇంటికొస్తే అడిగాను, ముప్పై ఏళ్ల పైన దాచింది టీవీలో ఎందుకురా అని.

"ఎదురుగా సెప్పలేనక్కా. టీవీలో ఐతే నా మొహం నూకరత్నం సూత్తాది. దాని మొహం నాను సూడక్కర్లేదు."

చెప్పాను కదా, పిరికివాడని.

వీధంతా కలిసి ఆ ప్రోగ్రామ్ చూశాం. మంటలు, పొగ, మీసాలున్న కుర్ర యాక్టరు, వాడి చేతిలో ఎగిరెగిరి పోతున్న ట్రక్కు. ప్రాణాలకు తెగించి తోటి సైనికులను కాపాడిన వీరుడట. సింహాచలం ఫోటో కన్ను మూసి తెరిచేలోపు పోయింది. మా తమ్ముడు ఉంచమన్న ఆ మాట మొత్తం తీసేశారు. వెనక సంగీతం ఎంత మోగిందంటే, మూడు దెబ్బలు కాదు, మూడొందలు కొట్టినా వినపడదు.

అందరూ చప్పట్లు కొట్టారు. పాస్టరుగారు శాలువా కప్పారు.

ఆ వారంలోనే నూకరత్నం పరవాడ నుంచి బస్సెక్కి వచ్చింది. అరటిపళ్లు తెచ్చింది. వంగి మా తమ్ముడి కాళ్లకు దండం పెట్టింది.

"మావోడు పోయినా అంతమందిని బతికించావన్నా."

వాడు నోరు తెరిచాడు. అప్పుడు చెప్పేసేవాడే.

నేను పక్కనే ఉన్నాను. భుజం గట్టిగా నొక్కాను. "ఊరుకోరా, ముందు టీ తాగనీ దాన్ని" అన్నాను. పరువు పోతుందని.

ఆవిడ టీ తాగి వెళ్లిపోయింది. వాడు మళ్లీ నోరు తెరవలేదు.

టీవీ వాళ్లను తిట్టడానికి కూర్చున్నాను గానీ, వాళ్లు తీసేసింది ఒక్కసారే. నేను మొదటి నుంచీ తీసేస్తూనే ఉన్నాను.

అందుకే ఈరోజు పొద్దున్న పరవాడ వెళ్లాను. నూకరత్నం గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాను. లోపలికి రమ్మనలేదు. ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"ఎన్నిసార్లు కొట్టాడు?"

మూడు అని చెప్పాను.

తలుపు వేసుకుంది.

బస్టాప్ దాకా వచ్చి వెనక్కి చూశాను. తలుపు తియ్యలేదు.

సాయంత్రం నాలుగింటికి భూస్థాపన. వచ్చేవాళ్లు రండి. మెడల్స్ పెట్టడం లేదు. ఆ శాలువా కూడా కప్పం.

వెళ్లిరా దానియేలూ. నువ్వు చెప్పాలనుకున్నది నేను చెప్పాను, ఆలస్యంగా.

దేవుడు శాంతి ఇవ్వాలి. ముందు ఆ తలుపు వెనక ఉన్నదానికి.

మిగిలితే నీకు.