సౌభాగ్యమ్మ లేచి నిలబడ్డ ఆదివారం

సౌభాగ్యమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుందని వాడంతా అంటారు. మెదక్‌లో ఇంటి ముందు గదిలో జాకెట్లు కుట్టి బతికే మనిషి. కొలత జాకెట్ తేకుండా వచ్చేవాళ్లను గుమ్మంలోంచే తిప్పి పంపుతుంది. దేవుడితో కూడా ఆమె అలాగే మాట్లాడుతుంది. పొద్దున మిషను తొక్కే ముందు కళ్లు మూసుకుని, "ప్రభువా, నా కోపం తియ్యమని అడుగుతలేను. అది ఏడ వాడాల్నో జర తెలివియ్యి" అంటుంది. ప్రార్థన అంతే.

ఈ ఏడు ఆ కోపమంతా మొగుడి మీదికి మళ్లింది. జకరయ్య ఇళ్లు కట్టే సుతారి మేస్త్రి. షుగరు వచ్చి చాన్నాళ్లయింది. రోజూ ఇన్సులిన్ సూది వేసేది ఆమే. ఎండాకాలంలో ఊరి బయట ఉజ్జీవ కూటాలని ప్రార్థన సభలు పెట్టారు. ఎక్కణ్నుంచో వచ్చిన ప్రసంగీకుడు జకరయ్య తల మీద చెయ్యి పెట్టి షుగరు పోయిందన్నాడు. జకరయ్య పొంగిపోయాడు. ఆ ఆదివారమే చర్చిలో సంఘం ముందు లేచి, తాను స్వస్థపడ్డానని సాక్ష్యం చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

తంటా అక్కడే వచ్చింది. సాక్ష్యం చెప్పినవాడు మళ్లీ సూది వేయించుకుంటే ఆ సాక్ష్యం అబద్ధం కాదా? దేవుడి ఇంట్లో అబద్ధమాడినట్టు కాదా? అందుకని సూది మానేశాడు. సిమెంటులో నానిన కాలి వేలు పుండై, నల్లబడి, వాసన కొడుతున్నా గుడ్డ చుట్టుకుని పనికి పోయాడు.

"దవాఖానకు పోదాం నడువయ్యా" అంటే, "నన్ను అబద్ధాలోన్ని చేస్తవా? నీకు విశ్వాసం లేదు" అన్నాడు.

కూటానికి వచ్చే ఆడవాళ్లదీ అదే పాట. "అనుమానపడకు సౌభాగ్యక్కా, స్తోత్రం చెప్పు" అని ఒకామె భుజం తట్టింది. సౌభాగ్యమ్మకు ఒళ్లు మండిపోయింది. తమ పిల్లకు జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి ఉరికే వాళ్లు, పక్కింటి మనిషి కాలు కుళ్లుతుంటే స్తోత్రం చెప్పమంటారా! దేవుడి పేరు చెప్పి మనిషిని చంపుతారా! ఆ ప్రసంగీకుడు దొరికితే కత్తెర తీసుకుని... అనుకుని, నాలుక కరుచుకుని, దేవుణ్ని క్షమించమని అడిగి, మళ్లీ వాణ్ని తిట్టుకుంది.

కొన్ని వారాలకు ఒక ఆదివారం జకరయ్య జ్వరంతోనే, కాలీడ్చుకుంటూ ఆరాధనకు బయలుదేరాడు. ఆమె అడ్డు చెప్పలేదు. పక్కింటి నగేష్‌ను మాత్రం ఆటో తెచ్చి చర్చి గేటు దగ్గర పెట్టమంది. సంఘం ముందు అన్న మాటకు కట్టుబడ్డవాణ్ని సంఘమే విడిపించాలని పొద్దున ప్రార్థనలో ఆమెకు తట్టింది.

సాక్ష్యాల సమయంలో లేచి నిలబడింది.

"అందరికి వందనాలు. నా పెనిమిటికి షుగర్ పోలేదు. వేలు కుళ్లింది. చప్పట్లు కొట్టినోళ్లు జర దగ్గరికొచ్చి చూడుండ్రి. చెప్పిన సాక్ష్యం అబద్ధం గావొద్దని ఈ మనిషి సస్తుండు. ఆ తప్పు నా మీదేసుకుంట. దేవునికి జవాబు నేను చెప్పుకుంట. మీరు మాత్రం దవాఖానకు పొమ్మని ఆయనకు ఒక్క మాట చెప్పుండ్రి."

పాస్టరు దిగి వచ్చి, కాలికున్న గుడ్డ విప్పి చూసి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"పోండ్రి జకరయ్యా" అన్నాడు. "ఈ మాట ఆ దినమే నేను చెప్పాల్సింది. తప్పు నాది."

దవాఖానలో రెండు వేళ్లు తీసేశారు. కాలు దక్కింది. ఇంటికి వచ్చాక జకరయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సూది తెచ్చినప్పుడు మాత్రం నోరు తెరిచాడు.

"సంఘంల నా ఇజ్జత్ తీసినవ్."

"తీసిన. నువ్వు సస్తె ఆ ఇజ్జత్‌తోని నేనేం జేసుకోవాలె? చొక్కా లేపు."

జకరయ్య గోడనే చూస్తూ చొక్కా లేపాడు. ఆమె కోపం ఇంకా తగ్గలేదు. అయినా పొట్ట మీద చర్మం పట్టి, మెల్లగా సూది వేసింది.