పడిపోయే స్విచ్చి కావాలన్న పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయింది. కబురు విన్న ప్రతివాళ్లూ ముందు అడిగింది ఒక్కటే: "తొట్టిలోనేనా?" కాదు. మంచంలో, నిద్రలో, గుండె ఆగి పోయింది. ఆ జవాబు కొందరికి రుచించలేదు. ఇది వాళ్ల కోసమే రాస్తున్నాను.

బాగేపల్లి పక్కన గూళూరు, దాని దగ్గర మా ఊరు. టమాటా తోటలో వంగి వంగి పెద్దమ్మ మోకాళ్లు అరిగిపోయాయి. నంది కొండ కింద ఒక రిసార్టు మూతపడి సామాను అమ్ముతుంటే, చిక్కబళ్లాపురం మండీకి టమాటా వేసుకెళ్లిన టెంపోలోనే వేడినీళ్ల తొట్టి ఒకటి ఎక్కించుకొచ్చింది. దాంతోపాటు నీళ్లు కాచి తిప్పే పాత కంట్రోల్ ప్యాక్. రెండూ ఖాళీ పశువుల కొట్టంలో దింపించింది. ఊరంతా నవ్వింది.

"మొగుడు పోయిన మనిషికి ఈ సోకులేందమ్మా?" అంది ఎదురింటావిడ.

"మొగుడు పోయినాడు, మోకాళ్లు ఇంకా ఉండాయి కదమ్మా. వాటినన్నా చూసుకోవల్ల."

పెద్దనాయన ఎలా పోయాడో చెప్పాలి. మా బోర్ల దగ్గర బల్బు వెలిగించాలంటే, కరెంటు తిరిగిపోయే న్యూట్రల్ వైరు ఉండదు. ఒక కొస కరెంటు వచ్చే ఫేజు వైరుకు, రెండో కొస భూమిలో దిగ్గొట్టిన ఎర్తు కడ్డీకి కడతారు. ఎండాకాలం నేల ఎండి బల్బు మసకబారితే కడ్డీ మొదట్లో చెంబెడు ఉప్పునీళ్లు పోస్తారు. అందరూ చేసే పనే. అలా పోస్తూ, ఊడిన వైరును తడిచేత్తో సరిచేయబోయాడు పెద్దనాయన. మళ్లీ లేవలేదు.

"నీళ్లూ కరెంటూ మనకు అచ్చిరావు, అమ్మేద్దామమ్మా" అని ఆమె కొడుకు, మా అన్న, బతిమాలాడు.

"ఆ రెండూ కలిసే కదా మీ నాయన్ను తీసుకుపోయినాయి! రెండింటినీ ఒక్క తొట్టిలో పెట్టి, మధ్యలో కూర్చొని చూపిస్తా" అంది. అన్నంత పనీ చేసింది.

ప్యాకును ఇంటి కరెంటుకు కలపడానికి బాగేపల్లి నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ కాసేపు కుస్తీ పట్టి చెప్పాడు: "ఇంటి న్యూట్రల్ వీకుగా ఉండాదమ్మా, హీటరుకు చాలదు. ఎర్తు కడ్డీ నుంచి తీసుకుంటా. అట్ల తీసుకుంటే ప్యాకుతో వచ్చిన ఈ ట్రిప్ స్విచ్చి పడిపోతాండాది. దాన్ని పీకేస్తే సరి."

కరెంటు ఏ కొంచెం దారి తప్పినా టక్కున పడిపోయి సరఫరా ఆపేయడమే ఆ స్విచ్చి పని.

"పడిపోతాండాదంటే నిజం చెప్తాండాదప్పా. నిజం చెప్పేదాన్ని పీకేసి నన్ను నీళ్లలో కూర్చోమంటావా?"

"అందరూ ఇట్లే చేస్తాండారు కదమ్మా."

"మా ఆయన కూడా ఆ అందర్లో ఒకడేనప్పా."

అతను తలొంచుకుని పనిముట్లు సర్దుకున్నాడు. పెద్దమ్మ కరెంటు ఆఫీసుకెళ్లి, లైన్‌మ్యాన్ బయల్దేరేదాకా మెట్ల మీంచి కదల్లేదు. స్తంభం నుంచి కొత్త న్యూట్రల్ వచ్చింది. తొట్టికి వేరే లావు వైరు, వేరే ఎర్తు గుంత, నీళ్లలోంచి చెయ్యి చాచినా అందనంత దూరంలో ట్రిప్ స్విచ్చి. అన్నీ అయ్యాకే మళ్లీ అతన్ని పిలిచి ప్యాకు కలిపించింది.

రోజూ తొట్టిలో దిగేముందు చేతులు తుడుచుకుని స్విచ్చి మీది టెస్టు బటన్ నొక్కేది. టప్పున పడేది. "బతికుండాది" అని నవ్వి, మళ్లీ పైకెత్తి, పాత చీరతోనే నీళ్లలోకి దిగేది. టమాటాలు కోసే ఆడవాళ్లందరినీ పిలిచి కాళ్లు పెట్టించేది. బటన్ నొక్కనిదే ఎవర్నీ దగ్గరికి రానిచ్చేది కాదు. చివరికి ఎదురింటావిడ కూడా వచ్చింది. "సోకు బాగుండాదా అమ్మా?" అని ఏడిపించకుండా వదల్లేదు మా పెద్దమ్మ.

ఆ మొండితనానికి నేను రుణపడి ఉన్నాను. ఇప్పుడు మా బోరు దగ్గర ఎర్తు బల్బు లేదు.

దినాలు అయిన మర్నాడు అన్న పాత సామాన్లవాణ్ని పిలిపించాడు. నేను కొట్టం వాకిట్లో అడ్డంగా నిలబడ్డాను. "ఆమే లేనప్పుడు ఇదెందుకు?" అని అన్న అంటుండగానే, ఎదురింటావిడ భుజాన తువ్వాలేసుకుని నన్ను దాటుకుని లోపలికెళ్లింది. వెనకే తోటలో పనిచేసే ఆడవాళ్లు. ఆవిడ చేతులు తుడుచుకుని బటన్ నొక్కింది.

టప్పున పడింది.

"బతికుండాది" అంది ఆవిడ, మా అన్న మొహంలోకి చూస్తూ. స్విచ్చి పైకెత్తింది. తొట్టిలో నీళ్లు తిరగడం మొదలుపెట్టాయి. వాకిట్లో నా కాళ్ల దగ్గర మట్టంటిన చెప్పులు ఒక్కో జతా వచ్చి చేరాయి.