కాశమ్మ దాచుకున్న పొగ

ఉక్కు ఫ్యాక్టరీ చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ళు చుట్టను నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాల్చడం వింతేమీ కాదు. అడ్డచుట్ట అంటారు. నాట్లు వేస్తూనూ కాలుస్తారు, దెబ్బలాడుకుంటూనూ కాలుస్తారు. కాశమ్మకీ చిన్నప్పటి అలవాటే. పొలం ఫ్యాక్టరీకి పోయింది, కొడుక్కి అందులో ఉద్యోగమొచ్చింది, కాపురం కూర్మన్నపాలెం మారింది. అడ్డచుట్ట మాత్రం ఎక్కడికీ పోలేదు.

కొడుక్కి కృష్ణా జిల్లా సంబంధం కుదిరినప్పుడే వచ్చింది తంటా. మాటలకొచ్చిన పెళ్ళివారి పెద్దావిడ వీధిలో ఎవరో ముసలమ్మను చూసి, "హవ్వ! ఆడది నోట్లో నిప్పు పెట్టుకోవడమేమిటి?" అని ముక్కున వేలేసుకుంది. "మా ఇంట్లో అలాటివేటీ నేవండి" అనేసింది కాశమ్మ. ఆ ఒక్క మాట కోసం, కోడలు పద్మావతి కాపురానికొచ్చిన నాటినుంచీ పెరట్లో కట్టెల చాటున దొంగలా కాల్చుకోవడం, తమలపాకు నమిలి లోపలికి రావడం. పెద్దరికం నిలబెట్టుకోవడానికి ఎన్ని అగచాట్లో!

పంతొమ్మిది వందల ఎనభై అయిదులో ఆమెకి గర్భసంచి జారింది. ఆపరేషన్ తప్పదన్నారు. విశాఖలో ఆసుపత్రిలో చేర్చారు. ముందురోజు మత్తు డాక్టరు తాయారు మంచం దగ్గరికొచ్చి అడిగింది.

"చుట్ట, బీడీ అలవాటుందా అమ్మా?"

పక్కనే పద్మావతి. "రామ రామ! నాను ముట్టనండి."

"నిజం చెప్పాలి. పొగతాగేవాళ్ళ ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుంటుంది. పూర్తిగా మత్తిస్తే ఊపిరాడక ప్రాణం మీదికి రావచ్చు."

"నేదండమ్మా."

డాక్టరమ్మ వెళ్ళిపోయింది. చెబితే పరువు, చెప్పకపోతే ప్రాణం. ఈ పిచ్చితల్లికి పరువే పెద్దదనిపించింది, చూడండి!

మర్నాడు స్ట్రెచరు మీద తీసుకెళుతుంటే ఆపరేషన్ గది తలుపు కనబడింది. పద్మావతి నిండునెలలతో పక్కనే ఆయాసపడుతూ నడుస్తోంది. పుట్టబోయే బిడ్డను చూడకుండానే పోతానేమో అనుకునేసరికి కాశమ్మ పట్టుదల నీరుగారిపోయింది.

"ఆపండి బాబూ! అమ్మా పద్మావతీ, నాను అడ్డచుట్ట కాలుత్తానే. డాక్టరమ్మకి సెప్పెయ్యే!"

పద్మావతి ఆమె చెయ్యి పట్టుకుంది. "నిన్ననే ఆవిడ వెనకాలే వెళ్ళి చెప్పేశాను అత్తయ్యగారూ. మిమ్మల్ని నిద్రపుచ్చరట. నడుముకి సూది ఇస్తారట."

లోపల వెన్నులో సూది చురుక్కుమంది. కాళ్ళు వెచ్చబడి, బరువెక్కి, తనవి కానట్టయిపోయాయి. "దీంతోనూ బీపీ పడిపోవచ్చు. అందుకే ఇక్కణ్ణించి కదలను" అంటూ తాయారు తల దగ్గర కూర్చుంది.

"ఎప్పుడు కోత్తారండీ?"

"కోసి చాలాసేపయింది."

నొప్పన్నది లేదు. ఊపిరి హాయిగా ఆడుతోంది. బతికాను దేవుడా అనుకుంది కాశమ్మ.

సాయంత్రం వార్డులో కోడలు తడిగుడ్డతో ముఖం తుడుస్తుంటే మెల్లగా అడిగింది. "నీకెప్పుడు తెలిసిందే?"

"కాపురానికొచ్చిన వారానికే."

"మరొక్కనాడూ అడగనేదేటే?"

"మీరంత కష్టపడి దాచుకుంటుంటే ఎలా అడుగుతానండీ? వానకి మీ అగ్గిపెట్టె తడిసిపోతే మార్చింది కూడా నేనే."

కాశమ్మకి ఏడుపు పొంగుకొచ్చింది. ఏడాదిగా ఈ పిల్ల ముందు తను పడ్డ సిగ్గంతా కళ్ళల్లోంచి కారిపోయింది. అది చూసి నర్సు సూదిమందు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"మత్తు దిగిపోయిందా అమ్మా? నొప్పిగా ఉందా?"

"నొప్పి కాదు తల్లీ. సూదొద్దు. నన్ను ఏడవనీ."