కెవ్ వంతు

మంగళవారం పొద్దున గ్లెనిస్ ట్రెలోర్ గొర్రెల నీళ్ళ తొట్లు చూడటానికి బయల్దేరింది. దారి గతుకులకి బండిలోని రేడియో మైకు జారి నీళ్ళ డబ్బా కింద ఇరుక్కుంది. మాట్లాడే బటన్ నొక్కుకుపోయింది. ఆ సంగతి ఆవిడకి తప్ప చుట్టుపక్కల ఫారాలన్నిటికీ తెలిసింది.

ఫ్లిండర్స్ కొండలు దాటాక మా వైపు ఫోను అందదు. అందరిదీ ఒకటే రేడియో చానల్. ఒకరి బటన్ ఇరుక్కుంటే మిగతావాళ్ళు మాట్లాడలేరు, ఆ మనిషికి ఆ మాట చెప్పనూ లేరు. ఎవరో ఒకరు బండేసుకుని వెళ్ళాల్సిందే.

గ్లెనిస్ పాడుతోంది. మా ఊరి హాల్లో వాయించే బ్యాండులో ఏళ్ళుగా అకార్డియన్ వాయిస్తుంది గానీ ఆవిడ గొంతెత్తి పాడగా ఎవరూ వినలేదు. ఏ తొట్టి కారుతోందో, ఏ గొర్రెపిల్ల చచ్చిందో, గాలిమర ఎలా మూలుగుతోందో అన్నీ రాగం కట్టి భర్త కెవ్‌కి చెబుతోంది. ఒక్కో చరణం తర్వాత జవాబు కోసమన్నట్టు కాసేపు ఆగుతోంది. కెవ్ పోయి మూడేళ్ళయింది.

వెళ్ళినవాడు డెస్ హార్‌గ్రేవ్. బ్యాండులో గిటారు అతనిదే. చివరి తొట్టి దగ్గర ఆవిడని పట్టుకున్నాడు.

“ఆ మైకు పైకి తియ్యి తల్లీ. ఊరంతా నీ కచేరీ వింటోంది.”

గ్లెనిస్ మైకు తీసి కొక్కేనికి తగిలించింది. బండి తిప్పుకుని ఇంటికెళ్ళిపోయింది. ఆ తర్వాత ప్రాక్టీసుకి రాలేదు. సాయంత్రాలు ఆడవాళ్ళు రేడియోలో కబుర్లాడుకునే వేళకీ పలకలేదు.

బ్యాండు అప్పుడు ఒంటరితనం మీద కొత్త ఆల్బమ్ చేస్తోంది. పాటలన్నీ డెస్ రాసినవే. ఎండిన ఏరు, ఖాళీ రోడ్డు, ఆకాశం. ఫిడేలు వాయించే నోలీన్‌కి మొహమాటం లేదు.

“నీ పాటల్లో ఆకాశం ఎక్కువైంది డెస్, మనిషే లేడు. టీ పెట్టివ్వడానికి పెళ్ళాం, తిట్టడానికి అత్త ఉన్నవాడివి, ఒంటరితనం గురించి నీకేం తెలుసు?”

డెస్ గ్లెనిస్ ఇంటికెళ్ళాడు. ఆ పాట ఆల్బమ్‌కి ఇవ్వమని అడిగాడు. కుదరదంది. హాల్లో మొహాలు చూస్తూ పాడాలంటే గొంతు పెగలదంది. ఇంకోసారి వెళ్ళేసరికి ఆవిడే ఒక దారి ఆలోచించి పెట్టింది. తను బండిలోంచి పాడుతుంది, హాల్లో రేడియో పెట్టుకుని వాళ్ళు రికార్డు చేసుకోవాలి. అంతసేపూ చానల్ ఎవరూ ముట్టుకోకూడదు.

మధ్యలో ఖాళీలు గిటారుతో నింపుతానన్నాడు డెస్.

“అవి ఖాళీలు కావు,” అంది గ్లెనిస్. “కెవ్ వంతు. నువ్వు దూరకు.”

ఆదివారం ఆవిడ దూరపు తొట్టి దగ్గర బండి ఆపి పాడింది. రేడియో అలవాటు కొద్దీ ప్రతి చరణం చివర బటన్ వదిలేది. చిన్నగా ఖర్రుమనేది, ఆ తర్వాత ఏమీ ఉండేది కాదు. ఆ సందులో ఎవరైనా మాట్లాడొచ్చు. ఏ ఫారం నుంచీ ఎవరూ మాట్లాడలేదు. పాట అయిపోయాక ఆవిడే అడిగింది.

“రికార్డులో పడిందా?”

“పడింది,” అన్నాడు డెస్.

“సరే అయితే. ఇక్కడ తొట్టి కారుతోంది, చూడాలి.”

వచ్చే శనివారం హాల్లో ఆల్బమ్ విడుదల. ఆ పాట చివర్న వస్తుంది. మొత్తం నాలుగు నిమిషాలు. అందులో నిమిషన్నర కెవ్‌ది.