పళ్లెం ఖాళీ చేసిన పూట

ఎనభైల మొదట్లో మా ఆయన అమెరికన్ సమోవాలో రెండేళ్లు డాక్టర్‌గా పనిచేశారు. ఎగిరేది అమెరికా జెండాయే గానీ, ఉన్నది పసిఫిక్ నడిమధ్యన. ఒకసారి ఆయన అక్కడినుంచి ఇంకా చిన్న దీవికి క్యాంప్‌కి వెళ్తుంటే నేనూ పడవెక్కాను. ఆయనతో పనిచేసే నర్సు వాళ్లమ్మగారింట్లో మా బస. గోడల్లేని ఇల్లు, చుట్టూ స్తంభాలు, కింద చాపలు.

సాయంత్రం ప్రార్థన అయ్యాక మా ఇద్దరి ముందు మాత్రమే కొబ్బరాకులతో అల్లిన పెద్ద పళ్లెం పెట్టారు. వేడి రాళ్ల మీద కాల్చిన సీమపనస, చేమదుంపలు, కొబ్బరిపాలు పోసి చేమాకుల్లో పొట్లం కట్టి ఉడికించిన కూర, చేపలు. పెద్దావిడ తినకుండా పక్కన కూర్చుని మాకు విసురుతోంది. నలుగురు పిల్లలు స్తంభాల దగ్గరనుంచి పళ్లేన్నే చూస్తున్నారు.

నాకంతా అర్థమైపోయిందనుకున్నాను.

"ఏమండీ, మనం మిగిలిస్తే ఆ పిల్లలకి పెడతారు. మిగల్చకండి."

"పెట్టనీవే. నీకేంటి ప్రాబ్లమ్?"

"మన ఎంగిలి వాళ్ల పిల్లలు తినాలా?"

"చర్చ్‌లో అందరితో ఒకే కప్పులో తాగేదానివి, ఇక్కడ ఎంగిలి గుర్తొచ్చిందా?"

"అది ప్రభువు బల్ల. ఇది భోజనం. రెండూ కలిపి నాతో ఆర్గ్యూ చెయ్యకండి."

వాదనలో ఆయన నా మీద ఏనాడూ గెలవలేదు. ఆయాసపడుతూ ఇద్దరం పళ్లెం ఊడ్చేశాం. పెద్దావిడ విసురుతున్న చెయ్యి ఆగింది. నవ్వింది, ఖాళీ పళ్లెం తీసుకుని లేచింది. పిల్లలు అక్కడే నిలబడ్డారు.

అప్పుడే వచ్చిన నర్సు పళ్లెం చూసి, నన్ను చూసింది. "బాగా ఆకలేసినట్టుంది, మేడమ్," అంది ఇంగ్లీషులో. గుచ్చి అడిగితే చెప్పింది. అతిథులు తిన్నాకే ఇంట్లోవాళ్లు తింటారట. మా ముందు పెట్టింది ఇద్దరి భోజనం కాదు, ఇంటిల్లిపాదిదీ.

"మరి మీ అమ్మగారు చెప్పొచ్చుగా!"

"తింటున్నవాళ్లని ఆపమంటారా?"

ఆ పూట పిల్లలు అరటికాయలు ఉడకబెట్టుకు తిన్నారు, వట్టివే.

మర్నాడు మధ్యాహ్నం మళ్లీ అదే పళ్లెం. సీమపనస ఒక ముక్క కొరికి, కూర రెండు ముద్దలు తిని వెనక్కి జరిగాను. అందరికన్నా చిన్నపిల్ల చటుక్కున వచ్చి సరిగ్గా నేను కొరికిన ముక్కే తీసుకుంది. వద్దు, ఇంకోటి తీసుకోమనాలని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"చూశావా? ఏమీ కాలేదు," అన్నారు మా ఆయన.

"మీరు ఇంకో చేపకి చెయ్యి చాపకండి, అది చాలు," అన్నాను.