బాపు చెయ్యి, నూట ఇరవై డిగ్రీలు

మా బాపు నూలుకు రంగు వేసేవాడు. నల్లగొండ జిల్లాలో మా ఊరి నేతగాళ్లంతా నూలు మా ఇంటికే తెచ్చేవాళ్లు. గంగాళంలో రంగునీళ్లు కాగుతుంటే బాపు చెయ్యి ముంచి, అయిదు దాకా లెక్కపెట్టి, "చాలు, మంట తియ్" అనేవాడు. అంతే ఆయన కొలత. ఆ చెయ్యి తప్పిందని ఎవరూ అనగా నేను వినలేదు.

సేర్లు పోయి కిలోలు వచ్చిన కొత్త. నేను ఏడో తరగతి. ఆడపిల్లకు చదువెందుకు, ఇంట్లో కూర్చొని నూలు కండెలు చుట్టమను అని మా అవ్వ, బాపు తల్లి, రోజూ పోరేది. బాపు వినేవాడు కాదు.

ఆ ఏడు కొత్తరకం నీలం వచ్చింది. వేడి ఎక్కువైతే పాడైపోయే నాజూకు రంగట. డబ్బాలో ఇంగ్లీషు కాగితం ఉంది. బాపు హైదరాబాదు పోయినప్పుడు థర్మామీటర్ కొనుక్కొచ్చి నా చేతిలో పెట్టాడు. "చదివే బిడ్డ ఉండంగ నాకేం ఫికర్?" అన్నాడు అవ్వకు వినబడేటట్టు. నేను పెద్ద కలెక్టరమ్మలాగా కాగితం చదివాను. నాకు అర్థమైంది నూట ఇరవై అన్న అంకె ఒక్కటే. దాని పక్కనున్న అక్షరమేందో, గాజుగొట్టం మీదున్న అక్షరమేందో పట్టించుకుంటే నేను నేనెందుకవుతాను?

ఆరిళ్ల నూలు కోసం బాపు రంగు కలిపాడు. కాసేపటికి బాపు చెయ్యి ముంచి తీశాడు. "చాలు బిడ్డా."

గొట్టం చూశాను. నలభై తొమ్మిది. "సగం గూడ కాలే బాపూ. నూట ఇరవై గావాలె."

"నా చెయ్యి చాలంటాంది."

"కాగితంల రాసుంది బాపూ!"

ఆయన నన్ను చూశాడు, కాగితాన్ని చూశాడు. పొయ్యిలోకి ఇంకో రెండు కట్టెలు తోశాడు. డెబ్బై, ఎనభై, తొంభై. నీళ్లు సలసల మరుగుతున్నా నేను "ఇంకా, ఇంకా" అంటూనే ఉన్నాను. నూలు ముంచి తీసి ఆరేస్తే, నీలం కావాల్సింది బూడిద కలిపిన పచ్చలాగా తేలింది.

అవ్వ నా మీదికి లేచింది. బాపు అడ్డుపడ్డాడు. "బిడ్డ చదివింది సరిగ్గనే చదివింది. నా చెయ్యే మొద్దుబారింది. రంగు యాడనో తప్పు కలిపిన."

ఆ ఆరిళ్ల వాళ్లు తర్వాత రంగు వేయించడానికి నూలు కేతేపల్లికి తీసుకుపోయారు.

నెల తిరక్కుండానే బళ్లో సైన్సు సారు బోర్డు మీద లెక్క వేశాడు. సెంటీగ్రేడు అంకెను తొమ్మిదితో హెచ్చవేసి, అయిదుతో భాగించి, ముప్పై రెండు కలిపితే ఫారన్‌హీటు. అప్పుడు గుర్తొచ్చింది, గొట్టం మీదున్నది సి, కాగితంలో ఉన్నది ఎఫ్. పలక మీద నలభై తొమ్మిదితో వేసి చూశాను. నూట ఇరవై, మీద పిసరంత. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. అయిదు లెక్కపెట్టి బాపు చెప్పింది సరిగ్గా అదే వేడి.

పరుగెత్తి చెప్పాలనుకుంటూనే ఇంటికి వచ్చాను. గుమ్మంలో అవ్వ కండెలు చుడుతోంది. నిజం తెలిస్తే నన్ను ఆమె పక్కన కూర్చోబెడతారనిపించింది. రేపు చెబుదామనుకున్నాను. ఎల్లుండి కూడా అట్లాగే అనుకున్నాను.

ఒక ఆదివారం అమ్మ చంటి తమ్ముడికి నీళ్లు పోయబోతూ బాపును కేకేసింది. "నీళ్లు మస్తు కాగినట్టున్నయ్, జర చెయ్యి పెట్టి చూడు."

బాపు వంగి చెయ్యి ముంచబోయాడు. వేళ్లు నీళ్లకు తగలకముందే వెనక్కి తీసుకున్నాడు. మణికట్టు దాకా ఇంకా నీలంగానే ఉంది ఆ చెయ్యి.

"బిడ్డను చూడమను. నా చెయ్యికి తెలుస్తలేదు."

నేను చెయ్యి పెట్టాను. "సరిపోయినయ్ బాపూ" అన్నాను. నేను చెప్పాల్సింది అది కాదు. తెల్లారి సంచి తగిలించుకుని బడికి వెళ్లాను.